ఉడుమలపేటలో దిగినాము

పళని యాత్రను గురించి నాలుగు పుటలు వ్రాసి పంపమని మన సంఘం వారు అడిగి ఆరు నెలలు కావస్తున్నది. నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాను. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, కోయంబత్తూరులో ఒక నూలుమిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరి ఇరవై అయిదేండ్లయినది. బడిలో చదివినది తమిళం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆ తెలుగుకు అక్షరాలు దిద్దించినది మా అమ్మ. అంచేత ఇందులో తప్పులుంటే పాఠకులు పెద్దమనసుతో సరిదిద్దుకోవాలి. పళనిని గురించే వ్రాద్దామని కూర్చున్నాను గాని, కలం పళనిలో నిలవలేదు. దారిలో ఉన్న మరొక ఊరికి పోయి అక్కడ ఆగినది.

తై పూసం రద్దీ తగ్గిన తరువాత ఒక ఆదివారం తెల్లవారుజామున ఉక్కడం బస్‌స్టాండులో బయలుదేరినాము. మా అన్న, వదిన, వారి మనుమడు, మా అమ్మ, నేను, నా భార్య, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి. మనుమడికి పుట్టువెంట్రుకలు తీయించాలన్నది పైకి చెప్పుకున్న పని. మా వదిన మనసులో మరొక మ్రొక్కు ఉన్నది. దానిని గురించి తరువాత చెపుతాను.

కోయంబత్తూరు నుండి పళనికి దారి కిణత్తుకడవు, పొల్లాచ్చి, ఉడుమలపేట, మడత్తుకుళం మీదుగా పోతుంది. పొల్లాచ్చి చేరేసరికి రెండు ప్రక్కలా కొబ్బరితోటలు కమ్ముకొస్తాయి. కుడిచేతి వైపు కొండలు మనతోబాటే నడుస్తాయి. పాలక్కాడు కనుమలోంచి వచ్చే గాలి ఈ నేల మీద విచ్చలవిడిగా తిరుగుతుంది. అంచేతనే ఉడుమలపేట చుట్టుప్రక్కల పొలాల్లో ఎక్కడ చూచినా గాలిమరలే. ఈ దారిలో మనవాళ్ళ ఊళ్ళు చాలా ఉన్నవి. తిరుమూర్తి కొండ దగ్గరి తళి ఒకప్పుడు మన నాయకర్ల పాళెము. ఈ ప్రక్క సంతకు పోతే ముసలివాళ్ళ నోట తెలుగు మాట ఇప్పటికీ వినవచ్చు. అందులో సగం తమిళం కలిసి ఉంటుందనుకోండి. మనదీ అంతే గదా!

మడత్తుకుళం దగ్గర బస్సు అమరావతి నది వంతెన ఎక్కినది. నీళ్ళు కనపడగానే మా అమ్మకు కథ గుర్తుకు వస్తుంది. మనవాళ్ళలో ఈ కథ తెలియని ఇల్లు ఉండదు. ఉత్తరదేశంలో మనవాళ్ళు సుఖంగా కాపురం చేస్తుండగా, ఆ సీమనేలే తురక దొర ఒకడు మన ఇంటి పిల్లను చూచి, ఇమ్మని కబురు పెట్టినాడట. ఇస్తామని ఒప్పుకున్నట్టే నటించి, ఆ రాత్రికి రాత్రే ఇండ్లు, పొలాలు, పాడి, పాతరలోని ధాన్యం అన్నీ వదిలి, పిల్లను మధ్యలో పెట్టుకొని దక్షిణానికి పరుగెత్తినారట. వెనుక గుర్రాలు తరుముతున్నాయి. ముందు ఏరు పొంగి పారుతున్నది. అప్పుడు గట్టున ఉన్న చెట్టు తనంతట తాను వంగి అవతలి ఒడ్డుకు వంతెన అయినదట. అందరూ దాటినాక మళ్ళీ నిటారుగా లేచినదట. మా ఇంట్లో దానిని కానుగచెట్టు అంటారు. అందుకే కానుగకట్టెను మా పొయ్యిలో పెట్టరు.

చదువుకున్నవాళ్ళు ఇది చరిత్ర కాదంటారు. విజయనగర రాజుల కాలంలోనూ, మదుర నాయకుల కాలంలోనూ సైనికులుగా, రైతులుగా, నేతగాండ్లుగా, తోలుపనివాళ్ళుగా మనవాళ్ళు గుంపులు గుంపులుగా ఈ సీమకు వచ్చినారని చెపుతారు. అది నిజమే కావచ్చు. కాని ఇంతమంది, ఇన్ని తరాలుగా, ఇదే కథ చెప్పుకొంటున్నారంటే దానికీ ఒక విలువ ఉన్నది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టి, తమిళంలో వ్రాసి పేరు తెచ్చుకున్న కి. రాజనారాయణన్ గారు 1976లో అచ్చయిన తన 'గోపల్ల గ్రామం' నవలను ఈ వలస కథ మీదనే నిలబెట్టినారు. అందులో ఆ పిల్లకు చెన్నాదేవి అని పేరు.

మా అమ్మ కథ ముగించగానే మా అమ్మాయి, "ఆ పిల్ల పేరేమిటి అవ్వా?" అని అడిగినది.

మా అమ్మ ఆలోచించి, "పేరు తెలీదే. మా అవ్వ కూడా చెప్పలేదు" అన్నది.

"పేరు పోనీ, ఆ పిల్ల ఏమన్నది? ఆమెనెవరైనా అడిగినారా?"

"ఏమడుగుతారే! పిల్లను బతికించుకోవాలని పరుగెత్తేవాళ్ళకు అడిగే తీరికెక్కడిది?" అని మా అమ్మ నవ్వినది. మేమూ నవ్వినాము. మా వదిన మాత్రం కిటికీ వైపు ముఖం తిప్పుకున్నది.

పళనిలో దర్శనం బాగా జరిగినది. అమ్మను, వదినను వించిలో పంపి, తక్కినవాళ్ళం మెట్లెక్కినాము. గుండ్లు చేయించుకొని చందనం పూసుకొని వరుసగా కూర్చున్నవాళ్ళను చూస్తే ఎవరు ఏ ఊరివారో, ఏ కులమో, ఎంత ఆస్తిపరులో చెప్పడం ఎవరి తరమూ కాదు. పంచామృతం డబ్బాలు కొనుక్కొని మధ్యాహ్నానికి క్రిందికి దిగినాము. కోయంబత్తూరుకు నేరుగా పోయే బస్సులు కిక్కిరిసి ఉన్నవి. ముసలామెను నిలబెట్టి తీసుకుపోలేక, ఉడుమలపేట వరకు ఒక బస్సులో వచ్చి, అక్కడ దిగి మరొక బస్సు కోసం కాచుకున్నాము.

ఇక మా వదిన మ్రొక్కు సంగతి చెప్పాలి. మా అన్న చిన్న కూతురికి ఇరవై నాలుగేండ్లు. డిగ్రీ చదివి ఒక ఆఫీసులో పని చేస్తున్నది. తనతోబాటు పని చేసే ఒక అబ్బాయిని పెండ్లి చేసుకుంటానని పొంగల్ పండుగకు ముందు ఇంట్లో చెప్పినది. ఆ అబ్బాయి అరుంధతీయుడు. అనగా, మన వీధులు ఊడ్చి, మన చెప్పులు కుట్టి, మనతోబాటే ఈ సీమకు వచ్చి, ఈనాటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకునే జనం. మా అన్న ఆ రోజు ఊరంతా వినేటట్టు అరిచినాడు. "గడప దాటితే నరికేస్తాను, తరువాత నేను ఉరి వేసుకుంటాను" అన్నాడు. పిల్ల చెంప మీద కొట్టినాడు. ఫోను లాక్కున్నారు, ఆఫీసు మాన్పించినారు, ఊరి నుండి ఒక మేనత్తను పిలిపించి కాపలా పెట్టినారు. మేము పళని కొండ మీద ఉన్నప్పుడు ఆ పిల్ల తాళం వేసిన గదిలో ఉన్నది. పిల్ల మనసు మారితే మళ్ళీ వచ్చి తల నీలాలిస్తానని మా వదిన మ్రొక్కు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. అన్న కోపం చల్లారనీ అనుకున్నాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. తండ్రి పోయిన తరువాత నన్ను పెంచినవాడు ఆయనే. పైగా మా అమ్మాయికీ రేపో మాపో సంబంధం చూడాలి గదా అనుకున్నాను. ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాను.

ఉడుమలపేట బస్‌స్టాండు అన్ని బస్‌స్టాండుల వంటిదే. మల్లెపూలు మూరల్లెక్కన అమ్మే ఆడవాళ్ళు, టీ అంగళ్ళు, ఊళ్ళ పేర్లు కేకలు పెట్టే కండక్టర్లు. అన్న కాఫీలు తేవడానికి పోయినాడు. మా అమ్మాయి ఎదుటి రోడ్డు వైపు చాలాసేపు చూచి, "నాయనా, అది జరిగినది ఇక్కడే గదా" అన్నది.

2016 మార్చి 13. అదీ ఒక ఆదివారమే. ప్రక్కనే కొమరలింగం ఊరికి చెందిన శంకర్ అనే ఇరవై రెండేండ్ల ఇంజనీరింగు విద్యార్థి, పళని పిల్ల, పందొమ్మిదేండ్ల భార్య కౌసల్యతో కలిసి ఇక్కడికి వచ్చినాడు. ఇద్దరికీ పొల్లాచ్చి కాలేజీలో పరిచయం. వాళ్ళ పెండ్లి అంతకు ఎనిమిది నెలల క్రితం, 2015 జూలైలో, పళనిలోనే ఒక గుడిలో జరిగినది. అతడు దళితుడు, ఆమె తమది ఎక్కువ కులమనుకునే ఇంటి పిల్ల. బట్టలు కొనుక్కొని రోడ్డు దాటబోతుండగా మోటారు సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు పట్టపగలు, ఇంత జనం మధ్య, ఇద్దరినీ కొడవళ్ళతో నరికినారు. శంకర్ కోయంబత్తూరు ఆస్పత్రికి చేరేలోగానే పోయినాడు. ఆమె తలకు గాయాలతో బతికినది. అంగడి కెమెరాలో పడిన ఆ దృశ్యాన్ని దేశమంతా చూచినది.

తరువాతి సంగతి నేను ఆఫీసు ఫైలులో లాగా తేదీల వరుసన చెప్పగలను. 2017 డిసెంబరు 12న తిరుప్పూరు సెషన్సు కోర్టు పదకొండుగురు ముద్దాయిలలో ఆమె తండ్రితో సహా ఆరుగురికి ఉరి వేసినది, ఆమె తల్లితో సహా ముగ్గురిని విడిచినది. 2020 జూన్ 22న మద్రాసు హైకోర్టు, కుట్ర ఋజువు కాలేదని తండ్రిని విడుదల చేసి, తక్కిన అయిదుగురి ఉరిని యావజ్జీవంగా మార్చినది. దాని మీద అప్పీళ్ళు సుప్రీంకోర్టుకు పోయినవి. కోర్టు బోనెక్కి కన్న తల్లిదండ్రుల మీద సాక్ష్యం చెప్పినది ఆ పిల్లే. ఆ తరువాత కులహత్యలకు వ్యతిరేకంగా ఊరూరా తిరిగి మాట్లాడినది కూడా ఆమే.

మా అమ్మ ఇదంతా వింటూ కూర్చున్నది. ఆమెకు పేపరు చదివే చూపు లేదు. "పెండ్లి అదే పళనిలోనా?" అని ఒకసారి, "ఆ పిల్ల బతికిందా?" అని రెండుసార్లు అడిగినది. అంతలో అన్న కాఫీలు తీసుకొని వచ్చి మా మాటలు విని నిలబడిపోయినాడు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట మనవి చేసుకుంటాను. రెండు భాషలు వచ్చినవాడికి ఒక భాషలోని మాట మరొక భాషలోని మాటను నిలదీస్తూ ఉంటుంది. ఇటువంటి చావును తెలుగు పేపర్లు 'పరువు హత్య' అంటాయి. తమిళంలోనూ ముందు 'గౌరవక్కొలై' అనేవారు. ఇందులో గౌరవమెక్కడున్నదని అడిగి అడిగి, ఇప్పుడు తమిళులు 'ఆణవక్కొలై' అంటున్నారు. ఆణవమంటే అహంకారం, పొగరు. చంపినవాడి బుద్ధిని పట్టి పెట్టిన పేరది. మనం మాత్రం చంపినవాడు చెప్పుకునే కారణాన్నే ఇంకా పేరుగా పిలుస్తున్నాము. పరువు అన్న మాటను మా ఇంట్లో రోజుకు పదిసార్లు వాడతాము. అప్పు ఎగ్గొడితే పరువు పోయిందనుకోము, లంచం తింటే పోయిందనుకోము. పిల్ల తన మనసులో మాట చెపితే పోయిందంటాము.

ఇది ఒక కులానిది గాని, ఒక సీమది గాని కాదు. విరుధాచలం దగ్గర 2003లో కణ్ణగి అనే అమ్మాయిని, ఆమె పెండ్లాడిన మురుగేశన్‌ను సొంతవాళ్ళే పట్టి తెచ్చి, ముక్కుల్లో చెవుల్లో విషం పోసి చంపి తగులబెట్టినారు. మగడికి అన్యాయం జరిగిందని మదురను తగులబెట్టిన పతివ్రతగా తమిళులు కొలిచే దేవత పేరు ఆ పిల్లకు పెట్టుకున్నది ఆ ఇంటివాళ్ళే. ఆ కేసులో శిక్షలు పడేసరికి 2021 అయినది, సుప్రీంకోర్టు వాటిని ఖాయం చేసేసరికి 2025 అయినది. కేసును తారుమారు చేసిన పోలీసులూ శిక్షపడినవారిలో ఉన్నారు. మన తెలుగుదేశం మాత్రం తక్కువ తిన్నదా! 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించుకొని బయటికి వస్తున్న యువకుణ్ణి ఆమె కళ్ళ ముందే నరికించినారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసినది.

వీటన్నిటిలోనూ కత్తి చివరకు వచ్చినది. కత్తికి ముందు అన్నిచోట్లా వరుస ఒక్కటే. ముందు తిట్లు, తరువాత దెబ్బ, తరువాత ఫోను లాక్కోవడం, చదువో ఉద్యోగమో మాన్పించడం, గదికి తాళం, ఎవడికో ఒకడికి కట్టబెట్టే తొందర. ఆ వరుసలో మా ఇల్లు ఎన్నో మెట్టు మీద ఉన్నదో ఉడుమలపేట బస్‌స్టాండులో కూర్చొని నేను లెక్క వేసుకున్నాను. కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికినది.

మా అమ్మ పెద్దకొడుకును పిలిచినది. "ఒరే, పిల్ల ఫోను ఎందుకు లాక్కున్నావురా?"

"నీకు తెలీదులేమ్మా" అన్నాడు అన్న.

"ఆ పిల్లోడింట్లో ఏం మాట్లాడతారు?"

అన్న జవాబు చెప్పలేదు. మా అమ్మాయే, "తెలుగే అవ్వా" అన్నది.

"తెలుగేనా!" అని మా అమ్మ కాసేపు ఊరుకున్నది. "మన వీధి ఊడ్చే మనిషి ముప్పై ఏండ్లు పెరటివాకిట్లో నిలబడి నాతో తెలుగులోనే మాట్లాడింది. ఒక్కనాడైనా లోపలికి రమ్మన్నానా నేను!"

"అమ్మా, నలుగురిలో తలెత్తుకొని తిరగాలి నేను. సంఘంలో నా ముఖం చూచి ఏమంటారు?"

"ఏ నలుగురురా? ఊరు వదిలి అడవులు పట్టుకొని వచ్చినప్పుడు ఆ నలుగురూ మన మూటలు మోసినారా? ఇల్లు పోనీ, పొలం పోనీ, పిల్ల బతికితే చాలని వచ్చినాము మనం. ఆ కథ నీకు ఉగ్గుపాలతో చెప్పినానే! అందులో పిల్లను నరికి ఊళ్ళోనే ఉండిపోయినారని ఎక్కడైనా చెప్పినానా?"

అన్న గ్లాసులు తీసుకొని అంగడికి తిరిగి ఇచ్చి వచ్చినాడు. బస్సు వచ్చినది. అందరం ఎక్కినాము. ఆయన డ్రైవరు వెనుక సీటులో ఒక్కడే కూర్చున్నాడు. కోయంబత్తూరు దాకా వెనుకకు తిరిగి చూడలేదు.

మరునాడు సాయంత్రం ఆఫీసు నుండి నేరుగా అన్న ఇంటికి పోయినాను. "అన్నా, ఆ రోజు నేను మాట్లాడవలసినది, మాట్లాడలేదు. అది నా తప్పు. పిల్ల మేజరు. దానిని గదిలో పెట్టే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. దాని మీద చెయ్యి పడితే మాత్రం నేను నీ తమ్ముణ్ణని చూడను, సాక్ష్యం చెపుతాను" అన్నాను. ఈ నాలుగు మాటలు బస్సులో, ఆఫీసులో వందసార్లు నెమరు వేసుకొని పోయినాను. అయినా గొంతు తడబడినది. అన్న నన్ను పొమ్మనలేదు, కూర్చోమననూ లేదు. మా వదిన కాఫీ తెచ్చి ఇచ్చి, తాళం చెవి తీసుకొని లోపలికి పోయినది.

సుప్రీంకోర్టు 2018 మార్చి 27న ఇచ్చిన తీర్పు అందరూ తెలుసుకోదగినది. ఈడు వచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసుకునే పెండ్లికి ఇంటివారి అనుమతి గాని, కులం అనుమతి గాని అక్కరలేదని అది చెప్పినది. ఇటువంటి జంటలకు రక్షణగా జిల్లా జిల్లాకు ప్రత్యేక విభాగం, తలదాచుకోవడానికి చోటు ఏర్పాటు చేయాలన్నది. అపాయంలో ఉన్న ఆడపిల్ల 181కి గాని, 112కు గాని ఫోను చేయవచ్చు. కాని ఫోనే లాక్కున్న పిల్ల ఎలా చేస్తుంది? అంచేత ప్రక్కింటివారు, చిన్నాయనలు, పిన్నమ్మలు, మేనమామలు చేయాలి. నా వంటివాళ్ళు చేయాలి.

మన సంఘం ఆదివారం తెలుగు తరగతులు పెట్టి, తెలుగు మాట్లాడే సంబంధాలు చూపిస్తూ ఎంతో మేలు చేస్తున్నది. ఆ తరగతులకు అరుంధతీయుల పిల్లలను మనం ఏనాడూ పిలవలేదు. భాష ఒక్కటే మన చుట్టరికమని వేదిక మీద చెప్పుకుంటాము. అది నిజమయితే వాళ్ళూ చుట్టాలే గదా? ఈ సంగతి వచ్చే సర్వసభ్య సమావేశంలో అడుగుతానని ఇప్పుడే చెప్పి పెడుతున్నాను. కోపగించుకునేవారు ఉంటారు. మా అన్న కూడా వారిలో ఉండవచ్చు.

ఇది వ్రాసేనాటికి మా అన్న కూతురు మళ్ళీ ఆఫీసుకు పోతున్నది. ఫోను చేతికి వచ్చినది. పెండ్లి మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. మా అన్న నాతో అవసరమయిన మాటలే మాట్లాడుతున్నాడు. రేపు ఏమవుతుందో చెప్పలేను. పిల్ల మాత్రం నిన్న నాకు ఫోను చేసి, "చిన్నాయనా, అవ్వ ఏదో కథ చెప్పిందటనే, మళ్ళీ ఎప్పుడు చెపుతుంది?" అని అడిగినది. వచ్చే ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను.

పళని యాత్ర పోదలచినవారికి ఉక్కడంలో తెల్లవారుజాము నుండి బస్సులున్నవి. తిరుగు ప్రయాణంలో రద్దీగా ఉంటే ఉడుమలపేటలో దిగి మారవచ్చు. కాఫీ బాగానే ఉంటుంది. బస్సు వచ్చేదాకా ఆడపిల్లల తండ్రులు ఎదుటి రోడ్డును ఒకసారి చూచి రావాలని నా మనవి.